పది దీవుల పాట

పరదేశపు సాహిత్యము మన చేతికి రావలెనన్నచో ముందుగా అది ఇంగ్లీషులోనికి పోయి రావలెను. పరదేశపు సంగీతము మన చెవిని పడవలెనన్నచో అచ్చటి విద్వాంసుడెవడో ఒక మహానగరమున కచేరి చేసి పత్రికలచేత మెప్పు పొందవలెను. ఈ రెండు ద్వారములకును వెలుపలనే నిలిచిపోయిన చిన్న దేశములు లోకమున అనేకములు కలవు. అట్టి దేశములలో జనులు రేవునందును, పెండ్లిపందిటను, మద్యశాలలోను పాడుకొను పాటలను గూర్చి మన విమర్శకులను అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: అది కాలక్షేపము, సాహిత్యము కాదు. ఈ తీర్పు ఎంత తొందరపాటుతో చెప్పబడినదో గ్రహింపగోరువారు కేప్ వెర్డే దీవుల పాటలను కొంతకాలము శ్రద్ధగా వినిన చాలునని మా నమ్మకము.

ఆఫ్రికా ఖండపు పడమటి తీరమునకు సుమారు 600 కిలోమీటర్ల దూరమున, సెనెగల్ దేశమునకు ఎదురుగా, అట్లాంటిక్ మహాసముద్రమున అగ్నిపర్వతములు చిమ్మిన శిలలతో ఏర్పడిన 10 దీవుల సమూహమది. వానిలో ఒకటి నేటికిని నిర్జనము. అన్నియు కలిపి విస్తీర్ణము 4,000 చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును. పూర్వపు శ్రీకాకుళము జిల్లాకంటెను చిన్నది. జనసంఖ్య 5 లక్షలకు ఇటునటు. పదునైదవ శతాబ్దమున పోర్చుగీసు నావికులు కాలుమోపునాటికి ఆ దీవులలో మనుష్యసంచారమే లేదు. పిమ్మట వచ్చినవారిలో కొందరు భూములకై వచ్చిన తెల్లవారు. పెక్కుమంది సంకెళ్ళతో తేబడిన ఆఫ్రికా బానిసలు. ఆ ఉభయుల సంకరమున ఒక జనము పుట్టినది, ఉభయుల మాటలనుండియు క్రియోలు అను ఒక భాష పుట్టినది. రాజ్యభాష పోర్చుగీసు, తల్లి జోలపాడునది, తగవులాడునది, ప్రియుని తలచుకొని విలపించునది క్రియోలు. అచ్చట వాన అరుదు. 1940 దశాబ్దములో రెండుమారులు వచ్చిన కరవులలో పదులవేల జనులు ఆకలికి బలియైరి. 1975 జూలై 5వ తేదీన స్వాతంత్ర్యము వచ్చువరకును ఆ దీవులను ఏలిన పోర్చుగీసు ప్రభుత్వము, పన్నుల విషయమున చూపిన చురుకుదనమును గింజల విషయమున ఎన్నడును చూపి యెరుగదు.

అందుచేత ఆ గడ్డమీద పుట్టినవాడు పెరుగుచునే ప్రయాణమును గూర్చి ఆలోచించును. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి తిమింగిలముల వేటకు బయలుదేరిన ఓడలు బ్రావా, ఫోగో దీవులయొద్ద ఆగి కూలికి నావికులను ఎక్కించుకొని పోయెడివి; అట్లు పోయినవారి సంతతి నేడు మసాచుసెట్స్ రాష్ట్రమున న్యూ బెడ్‌ఫర్డ్ పరిసరములలో స్థిరపడియున్నది. తరువాతి తరములవారు లిస్బన్, రోటర్‌డామ్, పారిస్, డాకర్ నగరములకు పోయిరి. దీవులలో ఉన్నవారికంటె దీవులు విడిచిపోయినవారును వారి సంతతియు ఎక్కువయన్న విషయమును ఆ దేశీయులే తడుముకొనక చెప్పుదురు. ఇవి ఎంతో కొంత ఇచ్ఛతో చేసిన ప్రయాణములు. ఇచ్ఛతో పనిలేని ప్రయాణము ఒకటి కలదు: భూమధ్యరేఖ చెంతనున్న సావ్ తొమే దీవికి. అదియు నాడు పోర్చుగీసువారిదే, కోకో, కాఫీ తోటల దీవి. బానిసత్వమును చట్టము రద్దుచేసిన పిమ్మట ఆ తోటలకు కూలీలు కావలసివచ్చిరి. కరవుతో మాడుచున్న కేప్ వెర్డే జనము అందుబాటులోనున్నది. ఒప్పందపు కాగితముమీద వేలిముద్ర వేయించుకొని ఓడ నెక్కించిరి. ఒప్పందమునకు గడువు ఉండెడిది. తిరిగివచ్చుటకు దారిఖర్చులు మాత్రము పెక్కుమందికి ఉండెడివి కావు.

ఇంత చెప్పుటకు కారణము ‘సోదాదె’ అను పాట. లోకమునకు కేప్ వెర్డే అనగా ముందుగా స్ఫురించునది ఈ పాటయే. 1950 దశాబ్దములో సావ్ నికొలావ్ దీవివాడైన అర్మాందు జెఫెరీను సోరెస్ దీనిని కట్టెను. సావ్ తొమేకు పోవుచున్న తన వూరివారిని సాగనంపిన సందర్భము దానికి మూలము. 1974లో అంగోలా గాయకుడు బొంగా దానిని రికార్డు చేసెను. 1992లో సెజారియా ఎవోరా పాడిన పిదప అది ఖండాంతరములకు వ్యాపించినది. కర్తృత్వమును గూర్చి చాలకాలము వివాదము నడచి, తుదకు అది సోరెస్ రచనయేయని న్యాయస్థానమున తేలినది. నేడు ఐరోపా నగరముల కాఫీశాలలలో సాయంసమయమున మంద్రముగా ఆ పాట మ్రోగుచుండగా, కప్పులలో సావ్ తొమే కాఫీయే ఉండవచ్చును. వినువారు మాత్రము దానిని ఏదో ప్రణయవిరహముగా భావించి నిట్టూర్చుచుందురు. ఆ నిట్టూర్పు అబద్ధమని మేము అనము. కాని ఆ పాటలో తలపబడిన దారి ప్రేయసి యింటికి పోవు దారి కాదు. కూలీల ఓడ పోయిన దారి. ఆ సంగతి తెలిసి వినువానికి రాగము మారదు గాని, తీపి విరిగిపోవును.

ఈ పాట చెందిన జాతికి మోర్నా అని పేరు. మెల్లని నడక, చిన్న గిటారువంటి కవాకీన్యు, పెద్ద గిటారు, ఒక్కొక్కప్పుడు వయొలిను, ఆ నడుమ గొంతు — ఇంతే సామగ్రి. బోవా విస్తా దీవియందు పుట్టినదని పెక్కుమంది చెప్పుదురు. దానికి సాహిత్యగౌరవము తెచ్చినవాడు బ్రావా దీవివాడైన యూజెనియు తవారెస్ (1867–1930). ఈయన పత్రికారచయిత, పాలకులను విమర్శించి, అమెరికాలో ప్రవాసము గడపినవాడు, పోర్చుగీసున దిట్టయైయుండియు మోర్నాలను క్రియోలులోనే వ్రాసెను. ఓడ కదలువేళ రేవుననే ఆయన కట్టిన వీడ్కోలుపాట పాడుట బ్రావాలో ఆచారమైపోయినదనగా, కవి యొక్కడు ఒక జనపదపు కర్మకాండలో చోటు సంపాదించినాడన్నమాట. ఇంతటి కీర్తి మహాకావ్యకర్తలకును సులభముగా లభింపదు. తరువాతివాడు సావ్ విసెంతె దీవియందు మిందెలో పట్టణమున పుట్టిన బి. లేజా (1905–1958). మిందెలో రేవు బ్రిటిషువారి బొగ్గుపట్టు. ఐరోపానుండి దక్షిణ అమెరికాకు పోవు ఆవిరియోడలు పెక్కు అచ్చట ఆగి బొగ్గు నింపుకొనెడివి. ఓడలతోపాటు బ్రెజిల్ పాటలును దిగెను. ఆ పాటలలోని స్వరసంధానపు మెలకువలను పట్టి, అర్ధస్వరములమీదుగా జారిపోవు కొత్త మెట్లను మోర్నాలో ప్రవేశపెట్టినవాడు బి. లేజా. ‘శుద్ధమైన దేశీయత’ అను మాటను పట్టుకొని వ్రేలాడువారు ఈ సంగతి గుర్తింపవలెను: ఆ దేశపు అత్యంత దేశీయమైన గానము బొగ్గురేవునందు పరదేశపు సరకుతోపాటు దిగినదానిచేతనే పరిపుష్టమైనది.

ఆ రేవుపట్టణముననే 1941లో సెజారియా ఎవోరా జన్మించినది. తండ్రి వాయిద్యకారుడు; ఆమె చిన్నతనముననే ఆయన మరణించెను. యౌవనమున మద్యశాలలలోను, రేవున ఆగిన ఓడలమీదను పాడుచు, ఇచ్చిన దానితో జీవించుచుండెడిది. స్వాతంత్ర్యము వచ్చిన దినములలో పాట మాని, ఇంచుమించు పదేండ్లు మౌనముగా ఉండెను. లిస్బన్ నగరమున జొజె ద సిల్వా అను కేప్ వెర్డే సంతతి యువకుడు ఆమె పాటను విని, పారిస్‌కు తీసికొనిపోయి, 1988లో తొలి ఆల్బమ్ చేయించునప్పటికి ఆమెకు నలుబదియేడేండ్లు. 1992లో వచ్చిన ‘మిస్ పెర్ఫ్యుమాదు’ ఆమెను లోకప్రసిద్ధురాలిని గావించెను. 2004లో గ్రామీ బహుమానము లభించెను. వేదికపై చెప్పులు లేక నిలిచెడిది. కచేరి నడుమ ఒక బల్లయొద్ద కూర్చుండి, వాయిద్యగాండ్రు వాయించుచుండగా, తీరికగా సిగరెట్టు కాల్చుకొనెడిది. 2011లో మరణించిన పిమ్మట సావ్ విసెంతె విమానాశ్రయమునకు ఆమె పేరు పెట్టిరి. కరెన్సీ నోటుపై ఆమె బొమ్మ వేసిరి. ఆమె సాధించిన దానిలో మాకు మిక్కిలి గొప్పగా తోచునది బహుమానము కాదు. ఫ్రెంచి శ్రోతలకొరకు ఫ్రెంచిలో పాడలేదు, అమెరికా శ్రోతలకొరకు నడక పెంచలేదు. 5 లక్షలమంది భాషలోనే లోకమంతయు విన్నది.

ఐనను ఇచ్చట ఒక అన్యాయము జరిగినదని చెప్పక తప్పదు. పారిస్ నగరము వినిపించినది దేశములో సగమే. ఆ సగము రేవుపట్టణపు సగము. సాంటియాగో దీవియందలి పల్లెలలో ఫునానా అను వేరొక గానమున్నది. దానికి కావలసినవి రెండే: ఒక అకార్డియను, ఒక ఇనుపకడ్డీ. కడ్డీని భుజమున కానించి, కత్తితో గీకుచు తాళము వేయుదురు. వేగము, ఉద్రేకము, ఒడలెల్ల చెమట. ఆ దీవిలోనే స్త్రీలు గుండ్రముగా కూర్చుండి, ఒడిలో గుడ్డమూట నుంచుకొని దానిపై చేతులతో మ్రోగించుచు పాడు బతూకు కలదు. పాలకులకును చర్చి పెద్దలకును ఇవి ఆటవికములుగా, అశ్లీలములుగా తోచినవి. పలుమారులు నిషేధమునకు గురియైనవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1970 దశాబ్దపు తుదిలో, కచాస్ అను సంగీతకారుడు బులిముందు అను బృందమును కూర్చి, పల్లెటూరి ఫునానాను విద్యుత్ గిటారులపైకి ఎక్కించెను. అప్పుడుగాని పట్టణపు యువకులకు అది తమదని తోచలేదు. అకార్డియను విద్వాంసుడు కొదె ది దోనా కట్టిన ‘ఫోమి 47’ అను పాట 1947 నాటి కరవును, సావ్ తొమే ఓడను గూర్చినది. ‘సోదాదె’లోని విషయమే; కాని దీనిని విని ఎవరును కాఫీ తాగుచు నిట్టూర్పజాలరు. ఈ రెండు పాటలను ప్రక్కప్రక్కన వినని వానికి కేప్ వెర్డే తెలిసినదని మేము ఒప్పుకొనము.

చిన్న దేశములను గూర్చి పెద్ద దేశములవారు కథలు కల్పించుటయు కలదు. 2016లో జర్మనీలో ఒక రికార్డుల సంస్థ కేప్ వెర్డేలోని 1970, 80ల నాటి సింథసైజరు పాటలను సంపుటిగా వెలువరించుచు, 1968లో ఎలక్ట్రానిక్ వాయిద్యములతో నిండిన ఓడ యొకటి దారి తప్పి ఆ దీవులలో ఒక పొలమున తేలినదనియు, ఆ వాయిద్యములను పాఠశాలలకు పంచిపెట్టుటచేత అట్టి సంగీతము పుట్టినదనియు ఒక చిత్రకథను జోడించెను. విమర్శకులు ముచ్చటపడి దానిని పదేపదే వ్రాసిరి. ఓడ పొలములో తేలుట ఎట్లని పెక్కుమంది అడిగినట్లు లేదు! యథార్థమున అద్భుతమేమియు లేదు. రోటర్‌డామ్‌లో స్థిరపడిన నావికుల నడుమ 1965లోనే కేప్ వెర్డే పాటల రికార్డుల సంస్థ యొకటి వెలసినది. లిస్బన్‌లో పావులీను వియేరా వంటి ప్రతిభాశాలి ఆ పాటలకు వాయిద్యసమ్మేళనము కూర్చుచుండెను. ‘మిస్ పెర్ఫ్యుమాదు’కు కూర్చినవాడును ఆయనయే. వలసకూలీ తన జీతములో మిగిల్చి కొన్న వాయిద్యమది. దారి తప్పిన ఓడ తెచ్చినది కాదు.

సాహిత్య పత్రికను నడుపువారము గనుక మా మనస్సును మరింత ఆకర్షించిన విషయము వేరొకటి కలదు. 1936 మార్చి నెలలో మిందెలోనుండి ‘క్లారిదాదె’ అను పత్రిక వెలువడినది. బల్తజార్ లోపెస్, మనువెల్ లోపెస్, జోర్జె బర్బోజా అను ముగ్గురు దానికి ప్రధానులు. 1960 వరకు వచ్చినవి తొమ్మిది సంచికలే. ఆ తొమ్మిది సంచికలతోనే కేప్ వెర్డే ఆధునిక సాహిత్యము ఆరంభమైనదని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ రచయితలు పోర్చుగీసు విద్య నభ్యసించినవారు, పోర్చుగీసులో నవలలు, కవితలు వ్రాసినవారు. ఐనను తొలి సంచికయొక్క మొదటి పుటలో వారు ముద్రించినది తమ కవితలు కావు, తమ ఆశయప్రకటనయు కాదు; సాంటియాగో పల్లె స్త్రీలు పాడుకొను బతూకు పాటలు, క్రియోలులోనే. పాలకులు ఆటవికమని తలచినదానిని సంపాదకులు గ్రంథముఖమున నిలిపిరి. పరిశీలించి చూచినచో, ఏబదేండ్లకు పైగా గడచిన పిమ్మట సెజారియా పాటను లోకము వినుటకు తగిన వినయము ఆ పుటలో ముందే కలదు.

ఓడలమీది వలస మనకు క్రొత్త కాదు. కోరంగి, విశాఖపట్టణము, కళింగపట్నము రేవులనుండి మనవారు వేలకొలదిగా రంగూను బియ్యపు మిల్లులకును, రేవుపనులకును పోయిరి. మారిషస్, నెటాల్, ఫిజీ చెరకుతోటలకు కూలీలుగా పోయిరి. 1942లో యుద్ధభయముచే రంగూను విడిచి, అడవులవెంట కాలినడకను మరలి, దారిలోనే రాలిపోయినవారు ఎందరో. నేడు కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయి పోవుచున్నవారి సంగతి చెప్పనక్కరలేదు. ఈ యాత్రలకు సంబంధించిన పాటలు, ముఖ్యముగా ముసలివారి నోట మిగిలిన రంగూను పాటలు, మా పాఠకులలో ఎవరికైనను జ్ఞాపకమున్నచో, లేక ఇంటి పెద్దలవలన వినగలిగినచో, వ్రాసి మాకు పంపవలెనని కోరుచున్నాము. పాడినవారి ఊరు, పాట పాడుకొను సందర్భము, తెలిసినంతమేరకు కాలము జతపరుపవలెను. యాసను దిద్దవలదు, అసభ్యమని తోచిన మాటను తీసివేయవలదు, వరుస తెలిసినవారు పాడి రికార్డు చేసి పంపినచో మరింత సంతోషింతుము. అట్లు వచ్చినవానిని కవితలకంటెను, వ్యాసములకంటెను, ఈ సంపాదకీయముకంటెను ముందు, మొదటి పుటయందే ప్రకటింతుము.