చేయి వణికితే ముసలితనమేనా?



తాండూరు నాపరాతి గనుల్లో పనిచేసిన ఒక పెద్దాయనకు కుడిచేయి వణకసాగింది, నడక మందగించింది. "ముసలితనం గదా, అయ్యగారూ" అన్నాడు. చూచినవారు తాగాడన్నారు. ఆయనకు ఎన్నో ఏండ్లుగా షుగరున్నది. వికారాబాదులో డాక్టరుగారు చూచి పార్కిన్సన్ వ్యాధి అన్నారు.

1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు ఇది. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. షుగరున్నవారికి ఇది వచ్చే అవకాశం కొంత ఎక్కువ. ఫ్రాన్సులో 156 మందితో జరిగి 2024లో వెలువడిన పరీక్షలో లిక్సిసెనటైడ్ అనే షుగరు మందు వ్యాధి ముదరడాన్ని కొంత ఆపింది. 2025లో ఆ కోవకే చెందిన మరో మందు ఫలించలేదు.

కాబట్టి షుగరును అదుపులో ఉంచుకొనండి, రోజూ నడవండి. షుగరు పడిపోయినా చేయి వణుకుతుంది గనుక డాక్టరుకు చూపించండి. ఇంటి పెద్దను నిందించకండి. చేయి పట్టి నడిపించండి.