మైకు వద్దు, మఫ్లరు తెండి

డిసెంబరు వచ్చిందంటే విశాఖ చర్చిల్లో యవనస్థుల కూడికలన్నింటా అవే మాటలు. సెమీ క్రిస్మస్ ఏ రోజు, క్యారల్స్ ఏయే వీధులకి, ‘కొండమీదికి’ ఎప్పుడు? కొండ అంటే లంబసింగి, వంజంగి, లేదంటే అరకు. నేను నర్సుని. మా సంఘంలో యవనస్థుల బాధ్యత కూడా చూస్తుంటాను. పిల్లల్ని చలిలో ఆరుబయటికి తీసుకెళ్లడం నాకు ఇష్టమే, ఏటా తీసుకెళ్తాను కూడా. నా పేచీ అంతా ఇప్పుడు నడుస్తున్న తీరుతోనే.

ఆ తీరు ఎలాంటిదంటే, 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన ముగిసీ ముగియగానే బస్సు ఎక్కేస్తారు. డ్రైవరు పగలు పడుకున్నాడో లేదో ఎవరూ అడగరు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేసరికి మంచు, ముందున్న వంపు కనపడదు. బస్సు వెనక సీట్లలో సౌండు బాక్సులు, కీబోర్డు, జనరేటరు, ప్రసంగీకుడి ఫొటోతో బ్యానరు ఉంటాయి. స్వెటరు మాత్రం తల్లి గుర్తుచేసిన పిల్లల దగ్గరే ఉంటుంది. తెల్లవారుజామున కొండ మీద దిగి, గడ్డి మీద కూర్చోబెట్టి గంటన్నర వాక్యం చెబుతారు.

మన పిల్లలకి చలి తెలీదు. విశాఖలో డిసెంబరు రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గర్లోనే ఉంటుంది. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. మబ్బు లేని రాత్రి, గాలి ఆడనప్పుడు నేల వేడంతా ఆకాశానికి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలో దిగబడిపోతుంది. ఉష్ణోగ్రత ఒంటి అంకెకి పడిపోతుంది. అన్నిటికంటే చలి ఎక్కువుండేది సూర్యోదయం వేళ, అంటే సరిగ్గా మనవాళ్లు కూడిక పెట్టుకునే వేళ. గజగజా వణుకుతూ జోకులేసే కుర్రాడి గురించి నాకు దిగులుండదు. జిప్పు పెట్టుకోలేక తడబడుతూ, మాట ముద్దగా వస్తూ, మూల చేరి మౌనంగా ఉన్నవాణ్ణి చూడాలి. మైకు పట్టుకున్నవాళ్లకి వాడు కనపడడు.

ఈ ఏడాది థీమ్ అచ్చేసిన కాటన్ టీషర్టులు ఇంకో తంటా. సాయంత్రం కబడ్డీ ఆడి చెమట పట్టించిన కాటన్ రాత్రికి ఒంటికి చన్నీళ్ల పట్టీ అయి కూర్చుంటుంది. పొడి బట్టలు మార్చుకున్నాకే ఎవరికైనా భోజనం అని నా రూలు. మంకీ క్యాపు పెట్టుకోమంటే నవ్వుతారు, తొమ్మిది దాటితే వాళ్లే వెతుక్కుంటారు. పైన రెండో రగ్గు కప్పుకోవడం కన్నా అదే కింద పరుచుకోవడం మేలు. నేల లాగేసే వేడి తక్కువేం కాదు.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. బొగ్గుల కుంపటి గదిలోకి రాకూడదు. తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారి లేవలేదన్న వార్తలు ఉత్తరాది నుంచి చలికాలంలో వస్తూనే ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. పిల్లలు దాన్ని ప్రయాణ బడలిక అనుకుంటారు. చలిమంట ఆరుబయటే వెయ్యాలి. కట్టెలు ఊళ్లో కొనాలి గానీ కాఫీ తోటల్లో కొమ్మలు విరవకూడదు.

బయల్దేరేముందు తల్లిదండ్రుల్ని అడిగి రాసుకునేవీ ఉన్నాయి. ఉబ్బసం ఉందా, ఇన్‌హేలరు సంచిలో ఉందా, సికిల్ సెల్ ఉందా? సికిల్ సెల్ ఉన్నవాళ్లకి చలి తగిలితే భరించలేని నొప్పులు మొదలవుతాయి. ఆ బిడ్డని రావద్దనను, తెల్లవారుజామున మాత్రం రగ్గులోంచి లేపను.

ఇంకోటి, బస్సు రాత్రి బయల్దేరితే అమ్మాయిల్ని ఇంట్లో పంపరు. పంపని తల్లిని ‘విశ్వాసం చాల్లేదు’ అనడం అన్యాయం. పొద్దున కిరండూల్ ప్యాసింజరు ఎక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ మధ్యాహ్నానికి అరకులో దిగి, మరుగుదొడ్డి ముందే చూసుకున్న బసలో ఉంటాం అని చెప్పి చూడండి. పది మంది పిల్లలకో పెద్ద, అమ్మాయిలకి తప్పకుండా ఆడమనిషి. నేను ఇలా మొదలుపెట్టాకే మా గుంపులో అమ్మాయిలు పెరిగారు.

“ఇదంతా బాగానే ఉంది గానీ సిస్టర్, ఆత్మీయ కార్యక్రమం ఏదీ?” అని ఒక సంఘ పెద్ద అడిగారు. అయ్యా, బైబిల్లో చలి లేదా? ఓడ పగిలి మెలితే, అంటే ఇప్పటి మాల్టా, ఒడ్డున పడ్డప్పుడు అక్కడివాళ్లు వానకీ చలికీ మంట వేస్తే పౌలు తనే పుల్లలు ఏరి అందులో వేశాడు. చెరసాలలోంచి తిమోతికి రాసిన ఉత్తరంలో త్రోయలో వదిలేసిన అంగీ తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత గొప్ప ప్రసంగీకుడికి అంగీ అడగడానికి నామోషీ లేకపోయింది. యేసు చీకటితోనే లేచి ప్రార్థనకి వెళ్లింది కూడా జనం లేని చోటికి, ఒంటరిగా.

మైకు ముందు పిల్లలు చెప్పే సాక్ష్యాలు ఇంట్లో నేర్చుకొచ్చినవి. మంట చుట్టూ కూర్చున్నాక, అందరి చూపూ నిప్పు మీదే ఉంటుంది కాబట్టి, అసలు మాటలు వస్తాయి. ఇంజనీరింగ్‌లో ఉండిపోయిన సబ్జెక్టులు, నాన్న తాగుడు, చర్చికి రావాలని లేకపోవడం. అలాంటప్పుడు నేను వాక్యం తెరవను, టీ పోస్తాను. పైగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పొద్దున్నే పనికి పోయేవాళ్లు. మన బాక్సుల మోత వాళ్లెందుకు భరించాలి? నలుగురికి దుప్పట్లు పంచి, గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీసుకునే అలవాటు కూడా మానాలి. వాళ్లింటికి వచ్చిన చుట్టాలం మనం.

ఈ జనవరి బడ్జెట్టులో సౌండు అద్దె కొట్టేసి ఆ డబ్బుకి టార్పాలిన్లు, మందపాటి రగ్గులు రాశాను. సంఘం బీరువాలో ఉంటే ఏటా పనికొస్తాయి. కాగితం పెద్దల దగ్గరుంది. కోశాధికారి గారు ఇంకా సంతకం పెట్టలేదు.