బండికి డ్రిప్పు పెట్టండి!

సంక్రాంతికి ఊరొచ్చిన కుర్రాడు ముందు అడిగేది అరిసెలు కాదు, బండి తాళం! కడియమైనా, పక్కనున్న కడియపులంక, బుర్రిలంకలైనా ఇదే వరస. ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో. దసరాకి వచ్చి వెళ్తూ వెళ్తూ వసారాలో స్టాండేసి, పాత దుప్పటి కప్పి పోయిన బండి అది. మూడు నెలల తర్వాత దుప్పటి లాగి, దుమ్ము దులిపి, సెల్ఫ్ నొక్కితే... టక్. మళ్లీ నొక్కితే మళ్లీ టక్. మీటర్లో లైట్లు వెలిగీ వెలగనట్టు మిణుకుమంటాయి. ‘బ్యాటరీ దిగిపోయిందండి’ అని మెకానిక్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. భోగి నాడు షాపు తెరిచి ఉంటే ఆ ముక్కయినా వినొచ్చు, లేకపోతే అదీ లేదు!

అలాగని ఎవరూ పట్టించుకోలేదనడానికి లేదు. ‘వారానికోసారి స్టార్ట్ చేసి ఉంచు నాన్నా’ అని కొడుకు చెప్పే వెళ్లాడు. నాన్న కూడా ప్రతి ఆదివారం ఐదేసి నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచాడు. తిరకాసంతా ఆ సలహాలోనే ఉంది. సెల్ఫ్ నొక్కిన ఆ ఒకటి రెండు సెకన్లలో బ్యాటరీ నుంచి బోలెడు కరెంటు బయటికి పోతుంది. దాన్ని తిరిగి నింపాలంటే బండి రోడ్డెక్కి కాసేపు పరుగెత్తాలి. నిలబెట్టి ఐడిలింగ్‌లో ఉంచితే వచ్చే కాస్త కరెంటునీ హెడ్‌లైటే తినేస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ ఇంజిన్ ఆన్ కాగానే హెడ్‌లైటు వెలగడం తప్పనిసరి కదా, ఆర్పుదామన్నా స్విచ్చుండదు. జీతం పడని ఖాతాలోంచి ప్రతి ఆదివారం ఓ వంద తీస్తూ పోతే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది.

అసలు ముట్టుకోకుండా వదిలేస్తే? అప్పుడూ దిగుతుంది, కాకపోతే మెల్లగా. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సీసపు పలకలు, గంధకామ్లంతో బ్యాటరీ చేసినప్పటి నుంచీ దానికి ఈ జబ్బు ఉంది. ఊరికే ఉన్నా తనలో తనే కొంత చార్జి పోగొట్టుకుంటుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా పోగొట్టుకుంటుంది. మన డెల్టా ఎండల సంగతి చెప్పేదేముంది! దీనికి తోడు బండికి జీపీఎస్సో, దొంగల అలారమో బిగించారనుకోండి, అది రాత్రింబవళ్లు చప్పరిస్తూనే ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లే కదా అనుకుంటే రోజుకి దాదాపు అర ఆంపియర్-అవర్ అయింది. 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ.

ఖాళీ అవడం కన్నా, ఖాళీగా ఉండిపోవడం ప్రమాదం. దిగిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిగా పేరుకుంటుంది. అది ముదిరాక ఎంత చార్జింగ్ పెట్టినా పట్టదు. కొత్తది కొనడమే. పాత రోజుల్లో అయితే నాలుగు కిక్కులు కొట్టి బయటపడేవారు. ఇప్పుడు చాలా బండ్లకి కిక్ రాడ్డే లేదు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కి సైతం తీసేశారు. తోసి అందుకోబెడదామంటే ఎఫ్ఐ బండిలో పెట్రోలు పంపుకీ, కంప్యూటర్‌కీ ముందు కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే చాలా బండ్లు ఎంత తోసినా కదలవు, తోసినవాళ్లే అలిసిపోతారు.

అందుకే ట్రికిల్ చార్జర్. ట్రికిల్ అంటే చుక్కచుక్కగా కారడం. బ్యాటరీ పోగొట్టుకున్నంత కరెంటుని మెల్లగా ఎక్కించే చిన్న పెట్టె ఇది. అయితే ఇందులో రెండు జాతులున్నాయి, తేడా తెలియకుండా కొంటే ఉన్న బ్యాటరీ కూడా పోతుంది. ఒకటి పాతకాలపు రకం... ప్లగ్గు పెట్టింది మొదలు ఆపకుండా ఎక్కిస్తూనే ఉంటుంది. రెండోది బ్యాటరీ నిండగానే తగ్గి, మళ్లీ కాస్త దిగితే ఆ కాస్తే నింపుతుంది. పెట్టె మీద ఫ్లోట్ అనో, మెయింటెనర్ అనో రాసి ఉంటుంది. కడియం నర్సరీల్లో పనిచేసేవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. కవరు మొక్క నీళ్లు లేక చచ్చేదానికన్నా, పైపు వదిలేసి మరిచిపోతే వేరు కుళ్లి చచ్చేదే ఎక్కువ బాధ. బ్యాటరీదీ అదే కథ. నిండాక కూడా ఎక్కిస్తుంటే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. సీల్డు బ్యాటరీ అయితే మళ్లీ నీళ్లు పోసే వీలే లేదు.

నిండిన 12 వోల్టుల బ్యాటరీకి ఫ్లోట్‌లో 13.5 నుంచి 13.8 వోల్టులు చాలు. ఎండాకాలం ఇంకాస్త తగ్గాలి. వేడిని బట్టి తనే తగ్గించుకునే చార్జర్ దొరికితే మన ఊళ్లకి అదే సరి. కరెంటు విషయానికొస్తే, బ్యాటరీ మీద రాసిన ఆంపియర్-అవర్లలో పదో వంతు మంచి లెక్క. 5 అయితే అర ఆంపియర్. ‘ట్రాక్టరుకి వాడే చార్జర్ ఉందిగా’ అని దాన్ని తగిలించొద్దు, చిన్న బ్యాటరీ ఉడికిపోతుంది. లిథియం బ్యాటరీ వేయించుకున్నవాళ్లు దానికని చేసిన చార్జరే వాడాలి. కొనేటప్పుడు షాపులో ఇంకొకటి అడగండి... కరెంటు పోయి వచ్చాక తనంతట తనే మొదలవుతుందా? కొన్నిటికి మళ్లీ బటన్ నొక్కాలి. పైగా కరెంటు లేనంతసేపూ అవి బ్యాటరీ నుంచే కాస్త లాగుతుంటాయి. గాలివానకి కరెంటు పోయే ఊళ్లో అలాంటిది పెట్టి ఏం లాభం?

ఇక బిగించడం. వారం వారం సీటు విప్పి క్లిప్పులు పెట్టమంటే ఇంట్లో పెద్దాయన వల్ల కాదు. అందుకే బండికి శాశ్వతంగా ఓ వైరు వేసేయాలి. రెండు చివర్లా గుండ్రటి లగ్గులున్న వైరు, ఎర్రదాని మీద బ్యాటరీకి దగ్గర్లో చిన్న ఫ్యూజు, రెండో కొసన మూతున్న టూ పిన్ సాకెట్. తాళం ఆఫ్ చేసి, ముందు నెగటివ్ బోల్టు విప్పాలి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, ఆఖర్న నెగటివ్. ఈ వరస చాదస్తం కాదు. నెగటివ్ ఉండగా పాజిటివ్ బోల్టు తిప్పుతున్న స్పానరు చాసిస్‌కి తగిలితే నిప్పులు రాలతాయి. ఎరుపు, నలుపు తారుమారైతే ఫ్యూజుతో పోతే అదృష్టం, ఎలక్ట్రానిక్స్ పోయాయంటే బ్యాటరీ ధర చిన్నదనిపిస్తుంది. వైరు సైలెన్సరుకీ, హ్యాండిల్ తిరిగే చోటుకీ దూరంగా వచ్చేలా టై కట్టి, సాకెట్‌ని సైడు ప్యానెల్ పక్కన, చేతికందే చోట వదిలితే సరి. ఆ తర్వాత నాన్న చేయాల్సింది సెల్‌ఫోన్‌కి చార్జింగ్ పెట్టినంత పనే. ముందు సాకెట్ కలిపి, తర్వాత గోడ స్విచ్చు వేయాలి. చార్జర్ వానజల్లు పడని చోట ఉండాలి, గాలి ఆడాలి, పక్కన పొయ్యి ఉండకూడదు.

రోజూ రాజమండ్రి వెళ్లొచ్చే బండికి ఇదంతా దండగ. కానీ ఈ తోట నుంచి ఆ తోటకి కిలోమీటరు దూరాలే తిరుగుతూ రోజుకి ఇరవైసార్లు సెల్ఫ్ కొట్టే బండికి మాత్రం వారంలో ఓ రాత్రి పెడితే మంచిదే. అనుమానముంటే రెండొందల మల్టీమీటరు చాలు. బండి ఆపిన కొన్ని గంటలకి 12.6 పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4కి వచ్చిందంటే చార్జర్ తగిలించాలి. 12కి దిగిందంటే ఆ రోజే. రాత్రంతా పెట్టి తీసేశాక కూడా మర్నాటికి మళ్లీ 12కే జారిపోతుంటే ఇక చార్జర్‌ని తిట్టి లాభం లేదు. కొత్త బ్యాటరీ కొనుక్కుని, పాతదాన్ని షాపులోనే ఇచ్చేసి, దాని ధర బిల్లులో తగ్గించమని అడగండి.