బలమునకు ఫలమేమి?

నెల్లూరు జిల్లా సముద్రతీరమున మత్స్యకారుల పాళెములు వరుసగా కలవు. ఆ తీరమున తెల్లవారుజామున అలివి వల లాగు దృశ్యము నేటికిని అక్కడక్కడ కానవచ్చును. పడవవారు వలత్రాటి యొక కొనను ఒడ్డున విడిచి, సముద్రములోనికి అర్ధచంద్రాకారముగా సాగి, వలను దింపుచు వచ్చి, రెండవ కొనను మరియొక చోట ఒడ్డునకు చేర్తురు. పిమ్మట పెద్దలు, పడుచువారు, పిల్లలు రెండు వరుసలుగా నిలిచి త్రాళ్లు లాగుదురు. మడమలు ఇసుకలో దిగబడును, అరచేతులు బొబ్బలెక్కును. వారి బలమును చూచి చప్పట్లు చరచువారు లేరు. వల ఒడ్డున పడినపుడు అందరికిని పాలు దక్కును.

సాయంకాలము ఆ యిసుకమీదనే బాలురు తొడలు చరచి కుస్తీ పట్టుదురు. ఒకడు మరియొకని మెడ పట్టి విసరబోవును. ఇంకొకడు ఎత్తుననుండి మిత్రుని యెదపై దూకబోవును. అవి గరిడీలో గురువు నేర్పిన పట్లు కావు. టెలివిజనులో మల్లుల ఆర్భాటము చూచి నేర్చినవి. ఉదయమున త్రాడు లాగిన చేతులును ఇవియే, సాయంకాలమున స్నేహితుని పడగొట్టు చేతులును ఇవియే. ఈ రెంటిలో ఏది నిజమైన బలము? బలమునకు ఫలమేమి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ఇరువురు మల్లుల జీవితములు తోడ్పడగలవు. ఒకడు తెలుగువాడు, రెండవవాడు కొరియా దేశీయుడు.

కోడి రామమూర్తి నాయుడు 1882లో వీరఘట్టమున జన్మించెను. చిన్నతనముననే తల్లిని గోలుపోయి, విజయనగరమున పినతండ్రి యింట పెరిగెను. చదువుకంటె సాముగరిడీలయం దాతనికి మక్కువ మెండు. మదరాసులో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు మరలి వచ్చి, పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడాయెను. తరువాత సర్కసు సంస్థను నెలకొల్పి దేశదేశములు తిరిగెను. ఛాతికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, కదలబోవు మోటారుకార్లను త్రాళ్లతో నిలిపివేయుట, రొమ్ముపై ఏనుగును ఎక్కించుకొనుట ఆతని ప్రదర్శనలలో ప్రసిద్ధములు. ఆతడు శాకాహారి, ప్రాణాయామమే తన బలమునకు మూలమని చెప్పెడివాడు. ప్రజలు ఆతనిని “కలియుగ భీము”డనిరి; లండనులో అయిదవ జార్జి చక్రవర్తి యెదుట ప్రదర్శన మిచ్చి “ఇండియన్ హెర్క్యులిస్” అను బిరుదు నందెనని ప్రసిద్ధి.

భారతదేశము పరుల పాలనలో నున్న కాల మది. ఈ దేశపు జనులు దుర్బలులన్న నింద తరచు వినబడుచుండెను. అట్టి దినములలో తెలుగువాడొకడు తన రొమ్ముపై ఏనుగును నిలిపినపుడు, చూచువారికి కలిగినది వినోదము మాత్రమే కాదు. తలయెత్తుకొను ధైర్యము గూడ కలిగెను. కావున ప్రదర్శించిన బలమెల్ల వ్యర్థమనుట న్యాయము కాదు.

అయినను కథ అంతటితో ముగియలేదు. కాలికి లేచిన పుండు ముదిరి, ఆతడు కాలినే కోల్పోయెను. శస్త్రచికిత్సకు మత్తుమందు వలదని, ప్రాణాయామబలముతోనే బాధను సహించెనని చెప్పుదురు. అపారముగా ఆర్జించిన ధనమును నిలుపుకొనలేదు. తుదిదినములు ఒరిస్సాలోని సంస్థానాధీశుల ఆదరమున గడిపి, 1942లో కన్నుమూసెను.

కొరియా మల్లుడు కిమ్ ఇల్ 1929లో ఆ దేశపు దక్షిణతీరమున ఒక ద్వీపమున పుట్టినవాడు. జపానులో రికిదోజాన్ అను మల్లుని కీర్తి దిగంతములు ముట్టుచుండెను. రికిదోజాన్ కూడ కొరియాలో పుట్టినవాడే. కాని ఆ సంగతిని జపాను ప్రజలకు తెలియనీయక దాచవలసి వచ్చెను. ఆతని శిష్యుడు కావలెనని కిమ్ ఇల్ రహస్యముగా సముద్రము దాటి జపాను చేరి, పట్టుబడి, చెరసాల పాలయ్యెను. రికిదోజానే ఆతనిని విడిపించి శిష్యునిగా గైకొనెను. గురువు 1963లో ఒకానొక తగవులో కత్తిపోటు తగిలి మరణించెను. శిష్యుడు స్వదేశమునకు వచ్చి, యుద్ధముచే చితికిన కొరియా ప్రజలకు ఆరాధ్యవీరుడాయెను. టెలివిజనులు మిగుల అరుదైన ఆ రోజులలో, ఊరి జనులందరు ఒక్క పెట్టె యెదుట గుమిగూడి ఆతని కుస్తీ చూచెడివారు.

ఆతని పేరు చెప్పగానే గుర్తుకు వచ్చునది తలతో కొట్టు దెబ్బ. ప్రత్యర్థి నుదుటిని తన నుదుటితో మోదుట యాతని ప్రత్యేకత. జనులు ఆ దెబ్బకే కేకలు వేసిరి. కాని ఎదుటివానిని కొట్టిన తల తానును దెబ్బ తినును గదా! ఆ దెబ్బల ఫలమైన బాధలు వార్ధక్యమున ఆతనిని పీడించెను. పెక్కేండ్లు ఆసుపత్రిలో గడిపి 2006లో మరణించెను. అయినను ఆతని స్వగ్రామీణులు నేటికిని చెప్పుకొను విషయము వేరొకటి కలదు. దేశాధ్యక్షుడు “నీకేమి కావలె”నని అడిగినపుడు, తనకేమియు కోరక, తన ద్వీపమునకు విద్యుద్దీపములు కోరెనట!

ఇచట కొందరు ఆక్షేపింపవచ్చును: “వృత్తిమల్లుల కుస్తీలో గెలుపోటములు ముందుగనే నిర్ణయింపబడును, అది నాటకము, దానికై ఇంత విచారమేల?” గెలుపు ముందుగా నిర్ణయింపబడునన్నది చాలవరకు నిజమే. కాని పడుట నాటకము కాదు. ఎముకకు నటన తెలియదు. ఆరితేరిన మల్లులే యేండ్ల తరబడి పడుట అభ్యసించియు గాయపడుచుండగా, అభ్యాసము లేని బాలుడు స్నేహితుని మెడ విరుచుట యెంత అవివేకము! మెడ యొకసారి విరిగినచో ఏ చప్పట్లును దానిని అతుకజాలవు.

చూచువారికిని ఒక ధర్మము కలదు. మల్లుడు తన దేహమును మన వినోదమునకై వెచ్చించును. టిక్కెట్టు వెల చెల్లించినంతనే ఆ ఋణము తీరిపోదు. ఆతడు కాలు పోయి కూర్చున్ననాడు, తల బాధతో పరున్ననాడు ఆదుకొనుట కూడ సంఘము బాధ్యతయే. బిరుదు లిచ్చుట సులభము. బిరుదు పొందినవానిని తుదివరకు పోషించుట కష్టము. శిలావిగ్రహముకంటె చికిత్సయే వీరునకు మేలైన సన్మానము.

భారతకథయే ఈ భేదమును తేటపరచుచున్నది. భీమసేనుడు విరటుని కొలువున వలలుడై, రాజు వినోదమునకు జీమూతమల్లునితో పోరి గెలిచెను. కాని ఏకచక్రపురమున ఒక పేద బ్రాహ్మణుని కుటుంబమును కాపాడుటకు బకాసురుని చంపిన భీముని లోకము అధికముగా తలచుకొనును. భుజములు రెండుచోట్లను అవియే, ప్రయోజనము వేరు.

బలము బాలుర సొత్తు మాత్రమే కాదు. శ్రీకాకుళము జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువు నెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతమహిళ ఆమెయే. ఆ బలము ఒక్కదినమున వచ్చినది కాదు. గురువు కన్నుల యెదుట, నియమముతో, మెట్టు మెట్టుగా పెంచుకొన్నది. ప్రతి పాఠశాలకును ఆటస్థలమును, ప్రతి ఆటస్థలమునకును శిక్షణ పొందిన గురువును అవసరమని అనుట అందుకే. కోడి రామమూర్తియు గురువుగానే జీవితము ప్రారంభించెనని మరువరాదు.

నెల్లూరు తీరమునకు బలముతో పని తరచుగనే పడుచుండును. 1989 నవంబరులో కావలి ప్రాంతమున తీరము దాటిన తుపానును, 2004 డిసెంబరు 26వ తేదీన పొంగివచ్చిన సునామీని అచటి పెద్దలు ఎరుగుదురు. అట్టివేళ గొలుసులు త్రెంచు భుజము కాదు, నీటిలో కొట్టుకొనిపోవు ముసలమ్మను ఒడ్డునకు చేర్చు భుజము కావలెను.

కావున బాలబాలికలు దేహమును దృఢపరచుకొనవలెను, కుస్తీ నేర్వదలచినవారు గురువు నొద్ద నేర్వవలెను, మల్లులను గౌరవింపవలెను. కాని వారి ఆర్భాటమును గాక అభ్యాసమును అనుకరింపవలెను. పదిమందితో కలిసి త్రాడు పట్టినపుడు, ఆ త్రాటిని తుదివరకు విడువని చేయియే బలమైన చేయి.