పడిన బిడ్డకు ఇంట్లో వినిపించే తొలి మాట

పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజున బోధన్‌లోని ఒక ఇంటిని ఊహించుకోండి. గణితంలో తప్పిన బాలుడు వాకిట్లోనే తచ్చాడుతున్నాడు. అబ్బాకు నిజం చెప్పాలా? ఫలితం ఇంకా తెలియలేదని దాటవేయాలా? ఆ కొద్ది క్షణాల్లో అతని నీతి, మనోనిబ్బరం రెండూ ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి. ఈ పరీక్షకు అతణ్ణి సిద్ధం చేయవలసింది బడి కాదు, మనం.

అమెరికా విద్యావేత్త మిషెల్ బోర్బా 2001లో వెలువరించిన గ్రంథంలో నైతిక ప్రజ్ఞను ఏడు సుగుణాలుగా వివరించారు: సహానుభూతి, అంతరాత్మ, ఆత్మనిగ్రహం, గౌరవం, దయ, సహనశీలత, న్యాయశీలత. వీటిలో ఏదీ విశ్వాసి ఇంటికి కొత్తది కాదు. అయితే వీటిని బోధించడం వేరు, ఆచరించడానికి తగిన వాతావరణం కల్పించడం వేరు. నిజం చెబితే దెబ్బలు, దాస్తే శాంతి లభించే ఇంట్లో బిడ్డ దేన్ని నేర్చుకుంటాడు? పిల్లల అబద్ధాలకు చాలాసార్లు మూలం దుర్బుద్ధి కాదు, భయం.

మన ప్రాంతపు తల్లిదండ్రుల ఆరాటం అర్థం కానిది కాదు. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని నమ్ముకొని శక్కర్‌నగర్‌లో ఎన్నో కుటుంబాలు జీవించాయి. 2015 డిసెంబరులో అది మూతపడినప్పుడు కార్మికులు తమ తప్పేమీ లేకుండానే ఉపాధి కోల్పోయారు. చెరకు రైతులూ దారి వెతుక్కోవలసి వచ్చింది. అలాంటి తండ్రి తన ఆశలన్నీ కుమారుని మార్కుల మీద పెట్టుకోవడం సహజమే. కానీ ఆయన వద్ద మార్కుల కన్నా విలువైన పాఠం ఒకటుంది. ఆధారం పోయిన రోజున ఎలా నిలబడ్డాడో, ఏ రాత్రి దుఆతో గడిచిందో బిడ్డకు చెప్పాలి. ఓటమిని దాచిన తండ్రి నుంచి బిడ్డ ఓర్పును నేర్చుకోలేడు.

నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్‌నే చూడండి. ఆమె ఎంచుకున్న క్రీడపై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఆమె పట్టుదల నుంచి మాత్రం నేర్చుకోవచ్చు. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎంపిక న్యాయంగా జరగాలని బహిరంగంగా కోరింది. ఆ ఎంపిక పోరులో ఓడిపోయింది. అయినా సాధన మానలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం దక్కలేదు. విజయం తర్వాత కూడా ఓటమి వస్తుందని పిల్లలకు ముందే తెలియాలి.

దివ్య ఖుర్‌ఆన్ 31వ సూరాలో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధ ఉంది. నమాజు, మంచిని ప్రోత్సహించడం, ఆపదలో సహనం, నడకలో వినయం, మాటలో మెత్తదనం అన్నీ అందులో ఉన్నాయి. ఆ హితబోధలో మూడుసార్లు ఆయన కుమారుణ్ణి వాత్సల్యంతో సంబోధించడం గమనించండి. హితవు కన్నా ముందు ఆప్యాయత వచ్చింది. యూసుఫ్ (అలైహిస్సలాం) దూరమైనప్పుడు యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్లు తెల్లబడేంతగా దుఃఖించారు. అయినా ఆయన సహనశీలురే. కనుక “మగపిల్లాడివి, ఏడుస్తావేం?” అని గద్దించడం సహనం నేర్పడం కాదు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, కుటుంబ కలహాల మధ్య పెరిగినా నిలదొక్కుకున్న వారికి, తమను మనసారా ఆదరించే పెద్దలు కనీసం ఒక్కరైనా ఉన్నారని తేలింది. ఆ ఒక్కరూ మీరే ఎందుకు కాకూడదు?

ఫలితాల రోజున మొదట బిడ్డను దగ్గరకు తీసుకోండి. నిజం చెప్పినందుకు మెచ్చుకోండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. మర్నాడు కలిసి కూర్చుని సప్లిమెంటరీ పరీక్షకు ప్రణాళిక వేయండి. బిడ్డ తిండి, నిద్ర మానేసి ముభావంగా ఉన్నా, బతకాలని లేదన్నా దాన్ని విశ్వాస లోపమని నిందించకండి. ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది. వైద్యమూ, దుఆ రెండూ అవసరమే.

వాకిట్లో తచ్చాడుతున్న ఆ బాలుడు నిర్భయంగా లోపలికి రాగలిగితే, మన తర్బియత్ ఫలించినట్లే. అల్లాహ్ మన సంతానానికి సత్యసంధతను, సహనాన్ని, మనకు మృదుభాషణను ప్రసాదించుగాక! ఆమీన్.