ఆ ఫొటోలో ఉన్నది ఎవరి తాతయ్య?



వానాకాలం వచ్చిందంటే మన క్లాస్ గ్రూపుల్లో ఒక కాగితం తప్పకుండా తిరుగుతుంది. పైన ప్రభుత్వ ముద్ర, కింద కలెక్టర్ గారి సంతకం, మధ్యలో "భారీ వర్షాల కారణంగా రేపు అన్ని పాఠశాలలకు సెలవు" అన్న వాక్యం. ఫొటోను కాస్త పెద్దది చేసి తేదీ చూస్తే అది ఏ రెండేళ్ల కిందటిదో, పక్క జిల్లాదో అయి ఉంటుంది. కానీ రాత్రి తొమ్మిదింటికి పిల్లలు పక్కనే నిలబడి "సెలవేనా? సెలవేనా?" అని గంతులేస్తుంటే తేదీ ఎవరు చూస్తారు? మరుసటి రోజు మేం సగం ఖాళీ బెంచీలకు పాఠం చెబుతాం.

ఇది నవ్వుకుని వదిలేయదగ్గ సంగతే. పోయింది ఒక రోజు పాఠం. కానీ అదే ఫోన్, అదే వేలు, అదే తొందర ఇంకో రోజు ఇంకో మెసేజ్ మీద పడితే నష్టపోయేది ఒక మనిషి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ తప్పు ఒకసారి నేనే చేశాను.

నేను పంపిన ఫొటో

కొన్నేళ్ల కిందట వేరే బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఒక మధ్యాహ్నం పేరెంట్స్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. బడి గేటు ఎదురుగా వేపచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మాసిన పంచె, తలకు తువ్వాలు, పక్కన ఒక సంచి. "రెండు రోజులుగా ఇతను ఇక్కడే ఉంటున్నాడు. పిల్లల వంకే చూస్తున్నాడు. అందరూ జాగ్రత్త" అని కింద రాసి ఉంది.

స్టాఫ్ రూమ్ నుంచి గేటుకు నూరడుగులు కూడా ఉండదు. వెళ్లి చూసి ఉండవచ్చు. వెళ్లలేదు. ఆ ఫొటోను మరో రెండు క్లాసుల గ్రూపులకు పంపి, పిల్లల మంచికే కదా అనుకుని పేపర్లు దిద్దుకోవడంలో పడ్డాను.

బడి వదిలే వేళకు గేటు దగ్గర పదిహేను మంది దాకా చేరి ఆయన్ని చుట్టుముట్టారు. సంచి లాక్కుని కింద గుమ్మరించారు. అందులోంచి ఒక స్టీలు డబ్బా, నీళ్ల సీసా, మరమరాల పొట్లం పడ్డాయి. వాచ్‌మన్ అడ్డుపడి ఆయన్ని లోపలికి తీసుకొచ్చాడు కాబట్టి దెబ్బలు పడలేదు. ఆయన మా ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక పిల్లాడి తాత. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారని, మనవణ్ణి ఇంటికి తీసుకెళ్లడానికి ఊరి నుంచి వచ్చాడు. బడి ఎప్పుడు వదులుతారో సరిగా తెలియక ముందే వచ్చి కూర్చునేవాడు.

"ఏం సారూ, నేను దొంగ లెక్క కనవడ్తున్ననా?" అని నన్నే అడిగాడు. ఆ ఫొటో పంపినవాళ్లలో నేనూ ఒకణ్ణని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆ పిల్లాడు వారం రోజులు బడికి రాలేదు. తాత మళ్లీ గేటు దగ్గర కనిపించలేదు, ఊరికి వెళ్లిపోయాడన్నారు. గ్రూపులో మాత్రం "పొరపాటు జరిగింది" అని ఒక్కరూ రాయలేదు. నేనూ రాయలేదు. మరుసటి రోజు పొద్దున్నే అందరం మామూలుగా గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుకున్నాం.

2018 మరచిపోకూడదు

ఆ పెద్దాయన అదృష్టవంతుడని తర్వాత అర్థమైంది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ దేశమంతా మెసేజ్‌లు పాకాయి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అలాంటి పుకారును నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో, సంత రోజున, ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార జాతి వాళ్లు ఐదుగురిని చంపేశారు. వాళ్లను కొట్టింది ఎక్కడో కాదు, గ్రామ పంచాయతీ ఆఫీసు గదిలో. రెండు వారాలు తిరగకుండానే కర్ణాటకలోని బీదర్ జిల్లాకు సరదాగా వెళ్లిన హైదరాబాద్ మిత్రుల కారును గుంపు అడ్డగించింది. దారిలో వాళ్లు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు, అంతే. వీడియో వాళ్ల కారు కంటే ముందు పక్క ఊరికి చేరింది. ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది.

అప్పట్లో ఎక్కువగా తిరిగిన ఒక వీడియో గుర్తుందా? బైకు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది మన దేశంలో తీసింది కూడా కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తల్లిదండ్రులకు అవగాహన కోసం తీయించిన చిన్న చిత్రం. చివర్లో ఆ బైకు వాళ్లు పిల్లాణ్ణి తిరిగి తీసుకొచ్చి దించేసి, హెచ్చరిక రాసిన అట్టను చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. పిల్లల్ని కాపాడటానికి తీసిన చిత్రమే మనుషుల ప్రాణాలు తీసే పుకారుకు రుజువైంది.

ఆ మెసేజ్‌లు పంపినవాళ్లలో ఎక్కువ మంది చెడ్డవాళ్లు కాదు. మనలాంటి అమ్మలు, నాన్నలు, టీచర్లు. ఆందోళనతోనే పంపారు.

కాపలా ఎవరిది?

పత్రికలో వార్త రావాలంటే విలేకరి, సబ్ ఎడిటర్, ఎడిటర్ చేతులు దాటి రావాలి. వాళ్లూ తప్పులు చేస్తారు. అయితే తప్పు జరిగితే అడగడానికి ఒక ఆఫీసు, ఒక చిరునామా ఉంటాయి. టీవీ వచ్చాక ఆ కాపలా కొంత సడలింది. "ముఠా సంచరిస్తోందా?" అని చివర ప్రశ్నార్థకం పెట్టి రోజంతా స్క్రోలింగ్ వేస్తే, చూసేవాళ్ల మనసులో ప్రశ్నార్థకం నిలవదు, ముఠా ఒక్కటే నిలుస్తుంది.

వాట్సాప్‌లో ఆ కాస్త కాపలా కూడా లేదు. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మెసేజ్‌ను ఆ కంపెనీ కూడా చదవలేదు. మన మాటల గోప్యతకు అది మంచిదే. కానీ దాని అర్థం ఒకటుంది. ఆ మెసేజ్‌కు ఎడిటర్ మీరే. మీ తర్వాత ఇంకెవరూ లేరు.

2018 చావుల తర్వాత ఆ కంపెనీ కొన్ని మార్పులు తెచ్చింది. ఫార్వర్డ్ అయినదానికి ఆ గుర్తు కనిపించేలా చేసింది. మన దేశంలో ఒకసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కుదించింది. దాంతో అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ప్రకటించింది. దీన్నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. జనాన్ని ఎవరూ మార్చలేదు, పంపడాన్ని కాస్త ఆలస్యం చేశారంతే. ఆ కాస్త ఆలస్యానికే అంత తేడా వచ్చింది.

ప్రభుత్వ వ్యవస్థలు తలచుకుంటే ఏం చేయగలవో కూడా 2018లోనే చూశాం. జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు తన కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు. వాళ్లు డప్పు కొట్టించి, జానపద పాటలు పాడి, ఏ వీడియో అబద్ధమో రచ్చబండల దగ్గర విప్పి చెప్పారు. గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లోనూ చేరారు. పుకారు ఏ దారిలో వచ్చిందో నిజాన్నీ ఆ దారిలోనే పంపారు. ఊళ్లో ముఖం తెలిసిన పోలీసు ఒకరు ఉంటే, అనుమానం వచ్చినప్పుడు జనం రాయి తీయరు, ఆయనకు ఫోన్ చేస్తారు. అదే జూలైలో సుప్రీంకోర్టు, మూకదాడులను అరికట్టేందుకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారిని నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

"నిజమైతే ఎలా సార్?"

ఈ మాటలు పేరెంట్స్ మీటింగులో చెప్పినప్పుడు ఒక తల్లి లేచి అడిగారు: "నూటికి ఒక్కటి నిజమైతే ఎలా సార్? మా పిల్లల కంటే మాకు ఎవరు ఎక్కువ?"

న్యాయమైన ప్రశ్న. నా సమాధానం ఇది. నిజమైతే దానికి గ్రూపు సరైన చోటు కాదు. గ్రూపులో ఉన్న రెండొందల మందిలో ఎవరూ ఆ వ్యక్తిని ఆపి ప్రశ్నించే అధికారం ఉన్నవాళ్లు కారు. ఆ అధికారం ఉన్నవాళ్లకు చెప్పాలంటే 112 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది, మా బడి ఆఫీసు ఉంది. ఫోన్ చేస్తే మనల్నే వంద ప్రశ్నలు అడుగుతారేమో అన్న సంకోచం నాకూ తెలుసు. కానీ ఆ ప్రశ్నల్లోనే సగం నిజం తేలిపోతుంది. "మీరు స్వయంగా చూశారా? ఎక్కడ? ఎప్పుడు?" గ్రూపు ఈ ప్రశ్నలు అడగదు, అందుకే అది మనకు సుఖంగా ఉంటుంది. పైగా రోజూ "నాన్నా పులి" అని అరిస్తే నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ కదలరు.

మా వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. బస్సు గంట ఆలస్యమైతే ముందుగా చెప్పాల్సింది మేము. ఒక బిడ్డకు దెబ్బ తగిలితే ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సింది మేము. మేం మౌనంగా ఉన్న ఆ గంటలోనే పుకారు పుడుతుంది. గ్రూపులను నిందించే ముందు ప్రతి బడీ తన నోటీసులు ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా వెళ్తున్నాయో చూసుకోవాలి.

పిల్లలు చూస్తున్నారు

మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణ పౌరుల ప్రాథమిక విధులను చెబుతుంది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, తెలుసుకోవాలన్న తపనను పెంచుకోవడం వాటిలో ఒకటి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం ఇంకొకటి, అది తల్లిదండ్రులను, సంరక్షకులను ఉద్దేశించి 2002లో చేర్చినది. రెండో విధిని మీరు ఎంత కష్టపడి నెరవేరుస్తున్నారో ఫీజు రసీదులే చెబుతాయి. మొదటి దానికి ఫీజు లేదు, దాన్ని బడి ఒక్కటే నేర్పలేదు కూడా.

క్లాసులో నేను "ఆధారం లేకుండా ఏదీ నమ్మొద్దు" అని చెబుతాను, పిల్లలు నోట్సులో రాసుకుంటారు. రాత్రి భోజనాల దగ్గర నాన్న ఫోన్ చూసి "అయ్యో, ఇది చూశావా!" అంటూ క్షణంలో ఇరవై మందికి పంపడం చూస్తారు. ఆ రెండింటిలో వాళ్లకు గుర్తుండేది రెండోదే. రేపు వాళ్లు ఓటేసే రోజుకు, అచ్చం నాయకుడి గొంతుతో, ముఖంతో కల్పించిన వీడియోలు వాళ్ల ఫోన్లలో ఉంటాయి. అప్పుడు వాళ్లకు అక్కరకొచ్చేది మార్కులు కాదు, ఈ రోజు మీ పక్కన కూర్చుని నేర్చుకున్న అలవాటు.

ఈ నెల మీ ఇంట్లో ఇవి ప్రయత్నించండి:

• భయపెట్టే మెసేజ్ వస్తే దాన్ని పిల్లలతో కలిసి చదవండి. ఎవరు చెప్పారు, ఎప్పటిది, ఎక్కడిది అని వాళ్లనే అడగనివ్వండి.

• సెలవు ప్రకటన వస్తే తేదీ, జిల్లా పేరు చూడండి. బడి నుంచి మెసేజ్ వచ్చేదాకా పిల్లల బ్యాగు సర్దే ఉంచండి.

• ముక్కూమొహం తెలియని మనిషి ఫొటోను గ్రూపులో పెట్టకండి. అనుమానం ఉంటే 112కు గానీ, ఆఫీసుకు గానీ చెప్పండి.

• పొరపాటున తప్పుడు మెసేజ్ పంపితే, పంపిన ప్రతి గ్రూపులోనూ "నేను పంపింది తప్పు" అని రాయండి. ఆ మాట రాస్తున్నప్పుడు మీ పిల్లలకు చూపించండి.

చివరిది అన్నిటికంటే కష్టం. నేను ఆ రోజు చేయలేకపోయింది అదే. ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ పిల్లాడు మరుసటి రోజే బడికి వచ్చేవాడేమో, ఆ తాత మరికొన్నాళ్లు ఆ వేపచెట్టు కింద కూర్చునేవాడేమో.

మన గేటు బయట కూడా సాయంత్రాలు ఎందరో పెద్దవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. ఈసారి తెలియని ముఖం కనిపిస్తే ఫోన్ తీయకండి. నాలుగడుగులు వేసి, "ఎవరి కోసం వచ్చారు పెద్దాయనా?" అని అడగండి. చాలాసార్లు ఆయన మీ అబ్బాయి పక్క బెంచీలో కూర్చునే పిల్లాడి పేరే చెబుతాడు.

మీ
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు