పాత గోడ, కొత్త పూత

బదిలీపై జగదల్‌పూర్ చేరే తెలుగు ఉద్యోగికి ఆ ఊరు బొత్తిగా పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు వచ్చి తమ రాజ్యాన్ని స్థాపించాడని బస్తర్ రాజవంశంవారు చెప్పుకుంటూ వచ్చారు. ఆ రాజ్యానికి రాజధానులు పలుమార్లు మారాయి. పద్దెనిమిదవ శతాబ్దంలో దల్పత్‌దేవ్ కాలాన రాజధాని ఇంద్రావతీ తీరాన ఉన్న జగదల్‌పూర్‌కు వచ్చింది. విశాఖపట్నం నుండి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు మార్గం ఈ ఊరిని తాకుతూ పోతుంది.

రాజప్రాసాదం, దంతేశ్వరీ ఆలయం, గోల్‌బజార్: పాత పట్టణమంటే వీటి పరిసరాలే. అక్కడ పాత ఇంటిని బాగుచేయించి వాటాలుగా అద్దెకిస్తున్నారని వినగానే కొత్తవారి మనసు లాగుతుంది. బజారు పక్కనే, గోడలు మందం, వేసవిలో చల్లన. పైగా నున్నని పూత, మెరిసే రంగు, కప్పు కింద తెల్లని పలకలు. ఇంటిని చూడవచ్చినవారు సాధారణంగా ఈ మెరుపునే చూస్తారు. అనుమానించవలసినది కూడా దీనినే.

మట్టితోనో గానుగ సున్నంతోనో కట్టిన పాత గోడ నేలలోని చెమ్మను కొంత పైకి పీల్చుకుంటుంది, తిరిగి గాలిలోకి విడిచిపెడుతుంది. దానిపై సిమెంటు పూత పూస్తే ఈ రాకపోకలకు తలుపు మూసినట్లే. చెమ్మ లోపలే నిలిచి పైపైకి ప్రాకుతుంది. రెండు మూడు వానకాలాలు గడిచేసరికి మోకాలెత్తున రంగు పొక్కులు లేస్తుంది, తెల్లని ఉప్పు పొడి రాలుతుంది, దూలం చివర గోడలో దిగిన చోట కర్ర మెత్తబడుతుంది. ఆంగ్ల కవి విలియం మారిస్ 1877లో మిత్రులతో కలిసి ప్రాచీన కట్టడాల రక్షణకై ఒక సంఘాన్ని నెలకొల్పాడు. మరమ్మతు పేరిట పాత కట్టడాలను పాడుచేయవద్దన్నదే ఆ సంఘం మొదటి పోరు. పాత గోడకు సిమెంటు వద్దు, సున్నమే తగినదని అది నేటికీ బోధిస్తున్నది.

చిక్కేమిటంటే, సున్నంతో ఓపికగా బాగుచేయించిన ఇల్లు చూపులకు అంతగా ఆనదు. గోడ కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది. దూలాలు బయటికి కనిపిస్తాయి. అద్దెకు వచ్చినవారు పెదవి విరుస్తారు. మరుసటి ఏడాది ఆ యజమాని కూడా సిమెంటు బస్తాలు దింపుతాడు. పాత ఇళ్ళను పాడుచేస్తున్నవారిలో మేస్త్రీలతోపాటు అద్దెదారుల అభిరుచికీ వాటా ఉన్నది.

కనుక ఇల్లు చూడడానికి వానకాలమే మంచి ముహూర్తం. గోడను అడుగుభాగాన అరచేతితో తాకి చూడాలి. కప్పు కింది పలక ఒకటి తీయించి దూలాలకు చెద పట్టినదేమో పరికించాలి. యజమాని నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి. పెంకుటిల్లయితే ఏటా వానలకు ముందు పెంకులు సర్దించే ఖర్చు ఎవరిదో కాగితంపై ఉండాలి. పదకొండు నెలల ఒప్పందమే వాడుకగా ఉండడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం; ఏడాదికి మించిన కౌలును అది రిజిస్టరు చేయించమంటుంది. ఒప్పందం చిన్నదైనా మరమ్మతుల మాట అందులో వ్రాయించుకోవడం మేలు. యజమాని తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చునని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను చెబుతున్నది. వేరే ఒప్పందం లేనప్పుడే సుమా.

ఒప్పందంలోకి ఎక్కని సంగతి మరొకటి ఉన్నది. బస్తర్ దసరా డెబ్బై అయిదు రోజుల పండుగ. దాని చివరి రోజులలో రథం పాత పట్టణపు వీధులలో తిరుగుతుంది. ఊళ్ళకు ఊళ్ళు తరలివస్తాయి. స్కూటరు బయటికి తీయడం కల్ల. వాటా వీధివైపు ఉంటే అరుగు తనదేనని అద్దెదారు భ్రమపడరాదు. యజమాని బంధువులు మధ్యాహ్నానికే వచ్చి చోటు పట్టుకుంటారు.